వినికిడికి రెండు దారులు

భారతదేశమున విద్యకు మూలము వినికిడి. వేదమునకు శ్రుతి యను పేరు వినుటవలననే కలిగినది. పెక్కు శాస్త్రములు నేర్చినవానిని బహుశ్రుతుడని కొనియాడుట నేటికిని గలదు. నవవిధ భక్తులలో శ్రవణమే మొదటిది. చెవికి ఇంతటి గౌరవ మొసగిన జాతికి, నేడు ఆ చెవికి తగిలించుకొనుచున్న యంత్రముల చరిత్ర తెలిసికొనుట అప్రస్తుతము కానేరదు.

మేలిరకపు శ్రవణయంత్రములు నేడు రెండు జాతులుగా నున్నవి. చెవిదొప్పను చుట్టి కప్పుచు తలపై కమానుతో నిలుచు పెద్ద హెడ్‌ఫోను ఒకటి. చెవి రంధ్రములోనే యిముడు చిన్న ఇన్‌-ఇయర్ మానిటరు రెండవది. వీనిలో దేని నాదము మేలు? అంగడివాడు ఈ ప్రశ్నకు ధరతో సమాధానము చెప్పును. చరిత్రయు, శబ్దశాస్త్రమును చెప్పు సమాధానము వేఱు. దానిని గ్రహించుటకు తెలుగునేల అంచుననున్న యొక గ్రామమునుండి బయలుదేఱుట మంచిది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దునకు చేరువగా మరైగూడ యున్నది. పూర్వపు బస్తరు సంస్థానమునకు ఇది దక్షిణపు కొస. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరున రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. ఆ సంస్థానము 1948లో భారతదేశమున విలీనమయ్యెను. ఈ సీమ పిమ్మట మధ్యప్రదేశమునకును, 2000లో ఛత్తీస్‌గఢ్‌నకును చెందినది. 2012లో సుక్మా ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. పాలనలు ఎన్ని మాఱినను ఇచ్చటి నాలుకలు ఏ సరిహద్దును పాటింపలేదు. ఇచ్చటి దొర్లలు కోయజాతికి చేరినవారు. వారి పలుకులో గోండీ కుదురును, తెలుగు పదములును పెనవైచుకొని యుండును.

ఈ సీమలో పండుగనాడు మ్రోగు డోలును దగ్గఱ నిలిచి విన్నవాడు చెవితో మాత్రమే వినడు. ఱొమ్ముతో వినును, అరికాళ్లతో వినును. దూరమునకు పోయినకొలది గాలియు, ఆకులును తారధ్వనులను పీల్చివేయును. సెకనుకు నూఱు కంపములు గల మంద్రధ్వనికి అల పొడవు సుమారు మూడున్నర మీటర్లు. అంతటి అల చెట్ల మ్రానులను చుట్టి దాటిపోగలదు. కావుననే చిందు వేయువారి కేకలు వినబడని చోటికిని డోలు గుండెచప్పుడు వినవచ్చును. ఏ యంత్రమునైనను పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి దొరకుట కష్టము.

ఇక యంత్రముల పుట్టుక. దూరపు మాట స్పష్టముగా వినబడనిచో మనుష్యుడు అరచేతిని దొప్పగా మడిచి చెవి వెనుక నానించును. లేనిచో ఏదేని గొట్టమును చెవిలో నుంచుకొనును. ఈ రెండు సహజచేష్టలే నేటి రెండు జాతుల యంత్రములకును మూలపురుషులు.

గొట్టపు శాఖ ముందు పుట్టినది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ రోగి ఱొమ్ముపై గొట్ట మానించి గుండెచప్పుడు వినెను. 1850 ప్రాంతమున ఆర్థర్ లియర్డ్, జార్జి కామన్ మొదలగువారు దానికి రెండు చెవులకును రెండు కొమ్మలు గూర్చిరి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టెను. కొంతకాలమునకు పట్టణములలో కాసు చెల్లించినవారు రబ్బరు గొట్టములను చెవులలో నుంచుకొని దాని పాటలు వినసాగిరి.

దొప్ప శాఖకు ఆదిపురుషుడు టెలిఫోను. 1876లో గ్రాహం బెల్ దానిని లోకమునకు చూపెను. అయిదేండ్ల పిమ్మట, 1881 పారిస్ విద్యుత్ప్రదర్శనమున క్లెమాఁ ఆదె రంగస్థలముపై పలుచోట్ల శబ్దగ్రాహకముల నమర్చి, నాటకశాలలోని పాటను తీగలద్వారా దూరపు గదులకు చేర్చెను. శ్రోత రెండు చెవులకును రెండు గ్రాహకములను చేతులతో పట్టుకొనెను. గాయకుడు ఎడమనుండి కుడికి నడచుట చెవికే తెలిసినది. నేడు స్టీరియో యనబడు అనుభవమునకు అది శ్రీకారము.

అటుపిమ్మట 1891లో ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే చెవి రంధ్రములలో నిముడు జంట టెలిఫోనుకు అమెరికాలో హక్కుపత్రము పొందెను. దాని బరువు సుమారు 50 గ్రాములు. నేటి ఇన్‌-ఇయర్ యంత్రమునకు ఇది ముత్తాత. 1910లో యూటా నివాసి నథానియెల్ బాల్డ్విన్ తన వంటయింటి బల్లపై తలకు తగిలించుకొను హెడ్‌ఫోనులను చేసి అమెరికా నౌకాదళమునకు పంపెను. మొదట శంకించిన అధికారులు పరీక్షించిన పిదప వానిని కోరి తెప్పించుకొనిరి.

తెలుగువారికి హెడ్‌ఫోను పరిచయము రేడియోతో కలిగినది. సి. వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924లో మద్రాసున ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసెను. అది ఆ సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారములు మొదలిడెను. ఆనాడు మద్రాసు తెలుగువారికిని రాజధానియే. స్ఫటికపు రేడియోకు విద్యుత్తు గాని బ్యాటరీ గాని అక్కఱలేదు. ఆకాశమున వచ్చిన తరంగపు బలమే చెవికి చేరవలెను. అంతటి స్వల్పశక్తిని వినదగినట్లు చేయగలది హెడ్‌ఫోను మాత్రమే. హెడ్‌ఫోను బిళ్లలను విడదీసి ఇద్దఱు చెఱియొకటి పంచుకొనుట, ఖాళీ గిన్నెలో దాని నుంచి నలుగురు చుట్టుజేరి వినుట ఆ కాలమున లోకమంతట నున్న అలవాట్లు.

ధనాభావమున ఆ క్లబ్బు 1927లో మూతపడెను. దాని యంత్రము మద్రాసు నగరపాలకులకు దక్కి, 1930 ఏప్రిలునుండి మరల పలికెను. వారు సముద్రతీరమునను ఉద్యానములలోను లౌడ్‌స్పీకర్ల నమర్చి సంగీతము వినిపించిరి. ఒంటరిగా వినుట, పదిమందితో కలిసి వినుట యను రెండు మార్గములు ఆనాడే వేఱుపడినవి. తరువాతి చరిత్ర త్వరితగతిని నడచినది. 1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును పలుకసాగినవి. నైజాము కాలపు దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. బస్తరునకు సొంత కేంద్రము 1977లో జగదల్పూరున వచ్చెను. ఢిల్లీనుండి తెలుగు వార్తలు వెలువడిన దినములలో ఇల్లు విడిచి ఉత్తరాదిన కొలువుచేయు తెలుగువానికి ఆ కొద్ది నిమిషములును పుట్టింటి పిలుపే. పిమ్మట చలనచిత్రములలో కంచుకంఠముతో ప్రసిద్ధి గాంచిన కొంగర జగ్గయ్య ఆ వార్తలు చదివినవారిలో నొకడు.

ట్రాన్సిస్టరు రేడియోతో గొట్టపు శాఖ మరల తలయెత్తినది. దానితో వచ్చిన ఒంటిచెవి ఇయర్‌ఫోను టెస్టుమ్యాచి దినములలో ఎందఱు గుమాస్తాల చొక్కాకాలరు వెనుక దాగెనో ఫైళ్లకే తెలియును. క్రికెట్టు స్కోరు వినుటకు అది చాలును. నాదస్వరము వినుటకు చాలదు. మంద్రము దానిలో లేనే లేదు. చెవిలోని యంత్రము చౌకబారుదనియు, చెవిపై యంత్రమే ఘనమైనదనియు లోకమున పాతుకొన్న అభిప్రాయమునకు ఈ ఒంటిచెవి ఇయర్‌ఫోను కొంత కారణము.

ఘనత మొదట దొప్ప శాఖకే దక్కినమాట నిజము. 1937లో బెర్లినున యూజెన్ బేయర్ అయస్కాంతక్షేత్రమున కదలు తీగచుట్టతో డి.టి. 48 అను హెడ్‌ఫోనును చేసెను. 1958లో మిల్వాకీ నగరమున జాన్ కాస్ సంగీతప్రియుల కొఱకు స్టీరియో హెడ్‌ఫోనును అమ్మకమునకు తెచ్చెను. జపానుకు చెందిన స్టాక్స్ సంస్థ 1960లో తీగచుట్టకు బదులు పలుచని పొరను స్థిరవిద్యుత్తుతో కదలించు యంత్రమును వెలువరించెను. 1968లో జర్మనీలోని జెన్‌హైజర్ సంస్థ హెచ్.డి. 414తో వెనుక మూతలేని పద్ధతిని ప్రవేశపెట్టెను. అదే సంస్థ 1991లో ఆర్ఫియస్ అను స్థిరవిద్యుత్ యంత్రమును సుమారు 300 మాత్రమే చేసెను, 2009లో హెచ్.డి. 800ను వెలువరించెను.

గొట్టపు శాఖ ఈలోగా చెవిటివారి సేవలో నుండెను. 1946లో హ్యూ నోల్స్ చికాగోలో స్థాపించిన సంస్థ వినికిడి యంత్రముల కొఱకు అతిసూక్ష్మములైన గ్రాహకములను చేసెను. అయస్కాంతముల నడుమ తూకముగా నిలిచిన చిన్న ఇనుప నాలుక కంపించుచు, సన్నని పుల్లద్వారా పొరను కదలించుట వాని పద్ధతి. బాల్డ్విన్ 1910లో వాడినదియు ఈ సూత్రమునే. తలపైనుండి దిగి అది చెవిలోనికి చేరినది! 1991లో మీడ్ కిలియన్ స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ ఈ విద్యను సంగీతమునకు మరలించి ఈ.ఆర్. 4 అను ఇయర్‌ఫోనును చేసెను. 1995లో జెర్రీ హార్వీ అను ధ్వనినిపుణుడు వాన్ హేలెన్ బృందమున డ్రమ్ములు వాయించు అలెక్స్ కొఱకు చెవి అచ్చునకు సరిపడు ఇన్‌-ఇయర్ మానిటరును రూపొందించెను. రంగస్థలపు హోరులో తన పాట తనకు వినబడవలెనన్నచో పెద్ద స్పీకర్లను మఱింత పెంచవలసి వచ్చెడిది. దానివలన చెవికి హాని. డ్రమ్ములు వాయించువాని చెవిని కాపాడుటకే నేటి మేలిరకపు ఇన్‌-ఇయర్ యంత్రము పుట్టినదన్నమాట.

ఇప్పుడు నాదమును సరిపోల్చవచ్చును. మన సంగీతము శబ్దమును మంద్ర, మధ్య, తార స్థాయులుగా విభజించినది. ఆ క్రమమునే పాటింతము.

మంద్రమున ఇన్‌-ఇయర్ యంత్రమునకు ఒక సౌకర్యము గలదు. మెత్తని బిరడా చెవి కాలువను బిగువుగా మూసినప్పుడు పొరకును కర్ణభేరికిని నడుమ మిగులు గాలి అత్యల్పము. అంత కొంచెము గాలిని కుదించుటకు చిన్న పొరయు చాలును. కావున అట్టడుగు స్వరములుకూడ చెవికి చేరును. బిరడా ఏమాత్రము వదులైనను ఆ మంద్రమంతయు కాఱిపోవును. మూతలేని పెద్ద హెడ్‌ఫోనులో గాలి ఇరువైపులకు పోవుటచే అట్టడుగు స్వరములు కొంత సన్నగిల్లును; కాని మృదంగపు తొప్పి మ్రోత గదిలో వ్యాపించినట్లు సహజముగా తోచును.

మధ్యస్థాయియే మానవకంఠమునకు నెలవు. పెద్దవారి చెవి కాలువ సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు గలది. ఒకవైపు మూసి ఒకవైపు తెఱచియున్న వేణువువలె అది సుమారు 3,000 కంపముల దరిదాపున శబ్దమును తనంతట బలపఱచును. పుట్టుకనుండి మనము విన్న ప్రతి కంఠమునందును ఈ బలము చేరియున్నది. పెద్ద హెడ్‌ఫోను కాలువను తెఱచియే యుంచును గనుక ఆ సహజధర్మము చాలవఱకు నిలుచును. ఇన్‌-ఇయర్ యంత్రము కాలువను మూయుటతో వేణువు చెడిపోవును. పోయిన బలమును యంత్రకారుడు కృత్రిమముగా చేర్చవలెను. ఆ చేర్పులో నేర్పరికి కంఠము నిండుగా పలుకును. నేర్పులేనివాని చేతిలో ఎంతటి గాయకుడైనను ముక్కుతో పాడినట్లుండును.

తారస్థాయిలో చెవిదొప్పయే నాయకుడు. దాని మడతలు పైస్వరములను కొన్నిటిని పెంచి, కొన్నిటిని తగ్గించి, శబ్దము వచ్చిన దిక్కును మెదడునకు తెలుపును. ఏ యిద్దఱి చెవిదొప్పలును ఒక తీరున నుండవు. పెద్ద హెడ్‌ఫోను శబ్దమును శ్రోత చెవిదొప్పపైనే పడవేయును గనుక తంబురా నాదము తలకు కొంచెము వెలుపల నున్నట్లు భ్రాంతి కలుగును. ఇన్‌-ఇయర్ యంత్రము చెవిదొప్పను దాటిపోవును. దానిలో వీణ మీటు గోటి రాపిడికూడ వినబడును. కాని వైణికుడు కపాలములోపల కూర్చున్నట్లుండును.

నిశ్శబ్దమును గూర్చి యొక మాట. మూతలేని హెడ్‌ఫోను వీధిరొదను లోనికి రానిచ్చును. అది ప్రశాంతమైన గదికే తగినది. ఇన్‌-ఇయర్ యంత్రము రొదను చాలవఱకు ఆపును. కావున రైలుప్రయాణమున తగ్గుస్వరముతోనే పాట వినవచ్చును. అయితే మూసిన చెవిలో తన మాట, తన అడుగులచప్పుడు, నమలు చప్పుడు తనకే మ్రోగును.

మఱి ధర మాట యేమి? 2017లో యేరున్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు చెవిపైనివియు, చెవిలోనివియు నగు 283 యంత్రముల ధ్వనిలక్షణమును కొలిచి ధరలతో పోల్చెను. స్వరముల సమతూకమునకును, ధరకును సంబంధము కానరాలేదు. హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు యంత్రమేదో శ్రోతలకు తెలియనీయక పరీక్షలు జరిపిరి. చెవిలోని యంత్రమున జనులు చెవిపైదానికంటె కొంత హెచ్చు మంద్రమును కోరుదురని అందు తేలినది. శరీరమునకు తాకవలసిన కంపము లోపించుటచే చెవి దానికి బదులు కోరుచున్నదని యొక ఊహ. మరైగూడ డోలు విన్నవారికి ఈ యూహ వింతగా తోపదు.

ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. యంత్రము ఎంత గొప్పదైనను, ముద్రణలో లేని నాదమును పుట్టింపజాలదు. జార్జి గ్రియర్సన్ నడపిన భారతీయ భాషా పర్యవేక్షణమున, 1906లో వెలువడిన నాల్గవ సంపుటము తెలుగును, గోండీని, కోయమాటను వర్ణించినది. 1913, 1929 సంవత్సరముల నడుమ ఈ దేశపు పలుభాషల పలుకులను గ్రామఫోను పళ్లెములపై ముద్రించిరి. అందు తెలుగును గలదు. 1925కు పూర్వపు పళ్లెములలో విద్యుత్తు లేదు. కొమ్ముబూరలోనికి మాటలాడగా దాని బలముతోనే సూది గీత గీచెను. అట్టివానిలో సుమారు రెండువేల అయిదువందల కంపములకు పైబడినది నిలుచుట అరుదు. ‘స’కారపు సుడి ప్రధానముగా నాలుగువేలకు పైననే యుండును. కావున ఆ పళ్లెములలో శ, ష, స భేదము మసకబారును. లక్షలు పోసి కొన్న హెడ్‌ఫోను ఆ మసకను మఱింత స్పష్టముగా చూపును, అంతియే.

టెలిఫోను కథయు ఇట్టిదే. పాత టెలిఫోను పద్ధతి 300 మొదలు 3,400 కంపముల వఱకు మాత్రమే మోయును. 2010లో సి.జి.నెట్ స్వర అను ఏర్పాటు వెలసినది. దానిద్వారా మధ్యభారతపు గిరిజనులు మొబైలు ఫోనునుండి గోండీ మున్నగు భాషలలో తమ కష్టసుఖములు చెప్పుకొనిరి, పాటలు పాడిరి. పత్రికల కెక్కని గొంతులు వినవచ్చినవి, అది ఘనకార్యము. కాని ఆ దారిలో డోలు మంద్రమును, పాట తారమును రెండును రాలిపోవును. సరిహద్దు గ్రామములలో వృద్ధులతోబాటు పాటలును కనుమఱుగగుచున్న కాలమున, చెవికి పెట్టు యంత్రమునకంటె నోటిముందు పెట్టు యంత్రమును గూర్చి ముందు ఆలోచింపవలసియున్నది. చక్కగా ముద్రింపబడిన పాటను ఏ యంత్రముతోనైనను రేపు వినవచ్చును. ముద్రింపబడని పాటను ఏ యంత్రమును వినిపింపజాలదు.

అట్టి ముద్రణలను విని అక్షరబద్ధము చేయువారికి రెండు జాతులును అవసరమే. ల, ళ భేదము, పదాంతపు ఊపిరి పట్టుకొనుటకు ఇన్‌-ఇయర్ యంత్రము మేలు. పాడువారెందఱు, డోలు ఎటనున్నది, వంతపాట ఎప్పుడు కలిసినది అని గుర్తించుటకు పెద్ద హెడ్‌ఫోను మేలు. దీర్ఘకాలము వినువారికి తల బరువు, చెవి చెమట, కాలువ నొప్పి యను లెక్కలును గలవు. ఎవరి చెవి వారిదే గనుక అంగడిలో కొనుటకు ముందు తమ చెవికి తగిలించి, తమకు బాగుగా తెలిసిన కంఠమును వినుట ఉచితము. తెలియని పాటతో యంత్రమును పరీక్షించుట, తెలియని రుచితో ఉప్పు చూచుట వంటిది.

హెచ్చరిక యొకటి మిగిలినది. ఎనుబది డెసిబెల్లుల శబ్దమును వారమునకు నలుబది గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినది. తొంబది డెసిబెల్లులైనచో ఆ గడువు నాలుగు గంటలకే తీఱిపోవును. నూటపది కోట్ల యువజనులు మితిమీఱిన వినికిడిచే చెవులకు ముప్పు తెచ్చుకొనుచున్నారని 2015లో ఆ సంస్థ ప్రకటించెను. లోచెవిలోని సూక్ష్మరోమకణములు చచ్చినచో మరల మొలవవు. బిడ్డల చెవులకు ఖరీదైన యంత్రము కొనిపెట్టిన తల్లిదండ్రులు, దాని స్వరమును ఎంతవఱకు పెంచవచ్చునో కూడ నేర్పవలెను.

చెవిపై దొప్ప దూరపు నాదమును దగ్గఱకు తెచ్చును. చెవిలోని గొట్టము దగ్గఱి నాదమును లోనికి తెచ్చును. వీనిలో ఏదియు మరైగూడ డోలును పూర్తిగా మోసికొని రాజాలదు. ఆ డోలు వినవలెనన్నచో ఆ నేలపై నిలువవలెను. నిలువజాలని దూరమున నున్నవారికి, ముఖ్యముగా పుట్టిన ఊరినుండి వందలకొలది క్రోసుల దూరమున కొలువుచేయువారికి, ఈ యంత్రములు చేయు ఉపకారము స్వల్పము కాదు. రాత్రి ఇల్లు సద్దుమణిగిన పిదప అమ్మమ్మ గొంతుతో ముద్రింపబడిన జోలపాటను వినువాడు అది తీగచుట్టతో పలికినదో, ఇనుప నాలుకతో పలికినదో విచారింపడు. ఆ గొంతును సకాలమున ముద్రించి యుంచిన చేతికి మనసులో నమస్కరించును.